ట్యాబ్‌లో మేడం

గురజాల రైలు స్టేషన్‌కు వెళ్ళే దారిలో, వందన ఇంటి వరండా ముందు సాయంత్రమయ్యేసరికి చెప్పులు పోగుపడేవి. వీధిలో పిల్లలంతా ట్యూషన్‌కు అక్కడికే వచ్చేవాళ్ళు. నల్లబల్ల లేదు. వందన సుద్దముక్క తీసుకుని కింద పరిచిన నాపరాయి మీదే లెక్క వేసేది. పిల్లలు చుట్టూ చేరి తలలు వంచి చూసేవాళ్ళు. అయిపోయాక తడిగుడ్డతో తుడిచేసేది.

ఆమె బీఎడ్ చదివింది. టీచరు ఉద్యోగానికి రెండుసార్లు పరీక్ష రాసి, రెండుసార్లూ అంచుదాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత రాయడం మానేసింది. భర్త జీవన్ సిమెంటు లారీ డ్రైవరు. వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇల్లు, చర్చి, ట్యూషన్ - వందన లోకం ఈ మూడే. వీటిలో ఆమెకు సొంతంగా అనిపించేది ట్యూషనొక్కటే. బజారులో ఎవరైనా “నమస్తే టీచర్” అంటే, రాని ఉద్యోగం వచ్చినట్టే ఉండేది.

పిల్లల్లో ఆమెకు ప్రాణం సబీహా. చేలకు పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే సుభానీ కూతురు. అయిదో తరగతిలో ఉండగా తల్లి కరీమున్నీసా ఆ పిల్లను తీసుకొచ్చి, “దీనికి భాగారం అంటే ఏడుపొస్తంది టీచరమ్మా, నువ్వే ఏదన్నా చెయ్యి” అని వదిలి వెళ్ళింది. వందన చింతపిక్కలు కుప్పపోసి, వాటిని పంచుకుంటూ భాగహారం నేర్పింది. మూడోనాడు సబీహా తానే పిక్కలు పంచి, మిగిలిన రెండింటినీ గుప్పిట్లో పట్టుకుని, “ఇయ్యి శేషం” అని అరిచింది. ఆ రోజునుంచీ ఆ పిల్లకు వందన మాటే వేదం. బడిలో ఎవరేం చెప్పినా, “మా టీచర్ ఇట్టా చెప్పలా” అని ఎదురు మాట్లాడేది. ఆ సంగతి తెలిసినప్పుడు వందన పైకి కోప్పడేది. లోపల మాత్రం ఆ మాట మళ్ళీ వినాలనిపించేది.

సబీహా ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. ఆ డిసెంబరులో సర్కారు బళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలందరికీ ట్యాబ్‌లు ఇచ్చారు.

సబీహా దాన్ని చున్నీలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. వరండాలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. 

“ఏయ్, ముట్టుకోమాకండి! చేతులు కడుక్కుని రండి ముందు,” అని సబీహా అందరినీ అదిలించి, వందన దగ్గరికొచ్చి కూర్చుంది. “చూడండి టీచర్, అన్ని క్లాసుల లెక్కలూ ఉన్నయ్యి. నెట్ లేకపోయినా వస్తయ్యి.”

“సినిమాలు రావా?” అని అడిగింది సాయి ప్రియ. ఆమె కూడా ఎనిమిదో తరగతే. ప్రైవేటు బళ్ళో చదువుతున్నందుకు ట్యాబ్ రాలేదు.

“రావు. ఇంకేం తెరుచుకోకుండా లాక్ చేసి ఇచ్చారు. పాఠాలే.”

వందనకు కూడా ముచ్చటేసింది. “బాగుందే. భద్రంగా చూసుకో,” అంది.

సబీహా ఏదో నొక్కింది. తెర మీద ఒకామె ప్రత్యక్షమైంది. గంజిపెట్టిన చీర, చెరగని బొట్టు, నున్నగా దువ్విన తల. నవ్వుతూ, “హాయ్ పిల్లలూ! ఇవాళ మనం ఒక సరదా ప్రశ్నతో మొదలుపెడదామా?” అంది. వెనక రంగురంగుల చతురస్రాలు ఎగురుకుంటూ వచ్చి వరసగా నిలబడ్డాయి. పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. వాళ్ళను అంత నిశ్శబ్దంగా వందన ఎప్పుడూ చూడలేదు.

“ఈమే మా మేడం,” అంది సబీహా.

అంతే. ఆ రెండు మాటలే. తను టీచర్. ఆమె మేడం. పైగా మా మేడం. వందన సుద్దముక్క చేతిలోకి తీసుకుని, “చాల్లే, లోపల పెట్టు, లెక్కలు చేద్దాం,” అంది. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

మొదట్లో ఆమె దాన్ని తమాషాగానే తీసుకుందామనుకుంది. ట్యాబ్‌లో మేడంలా కళ్ళు తిప్పి, చేతులు ఊపి, “హాయ్ పిల్లలూ!” అని అనుకరించి చూపించింది. పిల్లలు విరగబడి నవ్వారు. సబీహా నవ్వలేదు. “ఆమె చానా బాగా చెబుద్ది టీచర్,” అంది నెమ్మదిగా. ఆ మాటతో మిగతా పిల్లల నవ్వు కూడా ఆగిపోయినట్టనిపించింది వందనకు.

ఆ తర్వాత చిన్నచిన్నవి మొదలయ్యాయి. వందన లెక్క సగం వేస్తుండగానే సబీహా, “ఇది ఇంకో రకంగా కూడా చెయ్యొచ్చు టీచర్, తొందరగా వస్తది. మేడం చెప్పింది,” అనేది. ఒకరోజు ఇంటిలెక్కలు దిద్దుతూ వందన ఒకచోట ఆగింది. జవాబు సరిగ్గానే ఉంది. దారి మాత్రం తను చెప్పినది కాదు. ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టింది.

“ఎందుకు టీచర్? ఆన్సర్ కరెక్టే గదా?”

“నేను చెప్పినట్టు చెయ్యి. పరీక్షలో ఆమె వచ్చి మార్కులెయ్యదు.”

సబీహా పేజీ తిప్పి మళ్ళీ చేసింది. కానీ కొట్టేసిన లెక్కకేసి ఒకసారి, వందనకేసి ఒకసారి చూసింది. ఆ చూపు వందనకు నచ్చలేదు.

క్రిస్మస్‌కు ప్రతి ఏడాదీ సబీహా పొద్దున్నే వచ్చేది. కేకు ముక్కలు పళ్ళేల్లో సర్దడం, ఇరుగుపొరుగుకు ఇచ్చి రావడం అంతా ఆమె చేతిమీదే జరిగేది. ఈసారి మధ్యాహ్నం దాటాక వచ్చింది. కేకు తింటూ గోడ గడియారం చూసింది.

“ఏందే, అంత తొందర?”

“ఇంటి కాడ క్విజ్జు సగంలో ఆపి వచ్చా టీచర్. అది పూర్తి చేస్తే నక్షత్రం వస్తది.”

వందన ఇంటి గుమ్మానికి కట్టిన నక్షత్రం నిండుగా వెలుగుతోంది. సబీహాయే ఏటా దాని తీగ పట్టుకుని, జీవన్ నిచ్చెన ఎక్కుతుంటే కింద నిలబడేది. ఈ ఏడు జీవన్ ఒక్కడే కట్టాడు. అది గుర్తొచ్చి వందన, “అయితే పో, నీ నక్షత్రం ఎటన్నా పోద్ది,” అంది. పిల్ల అది వేళాకోళమనుకుని నవ్వుతూ పరిగెత్తింది.

జనవరి చివర్లో ఒక ఆదివారం సుభానీ వాళ్ళ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కరెంటు పోయింది. సబీహా ట్యాబ్ తెచ్చి, “ఛార్జింగ్ పెట్టి ఉంచండి టీచర్, సాయంత్రం తీసుకెళ్తా,” అని ఇచ్చి వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేరు. వందన పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి, ట్యాబ్‌ను బల్ల మీద చూసింది. వంటగదిలోకి వెళ్ళి మళ్ళీ వచ్చింది. చివరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ మేడం ఎక్కడ తప్పు చెబుతుందో పట్టుకుందామనే కూర్చుంది.

వృత్తం వైశాల్యం పాఠం. ఈ పాఠం వందన ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. ఫార్ములా నాపరాయి మీద రాసి, “ఇది గుర్తుపెట్టుకోండి, అంతే,” అని లెక్కల్లోకి వెళ్ళిపోయేది. ఎందుకు అంతే అని ఏ పిల్లా అడగలేదు. తనూ తన టీచర్లను అడగలేదు.

ట్యాబ్‌లో మేడం ఒక గుండ్రటి రొట్టెను సన్నసన్నటి ముక్కలుగా కోసింది. ఒక ముక్క పైకి, ఒక ముక్క కిందికి మొన వచ్చేట్టు పక్కపక్కనే పేర్చింది. ముక్కలు ఇంకా సన్నగా కోసింది. రొట్టె కాస్తా చూస్తుండగానే దీర్ఘచతురస్రమైపోయింది. ఎత్తు వ్యాసార్ధమంత. పొడవు రొట్టె అంచులో సగం. “ఇప్పుడు వైశాల్యం ఎంతో మీరే చెప్పండి!” అంది మేడం నవ్వుతూ.

వందన నోట్లోంచి జవాబు దానంతటదే వచ్చేసింది. ఒక్క క్షణం చిన్నపిల్లలా సంబరపడింది. మరుక్షణం ఒళ్ళంతా మండింది. ఇన్నేళ్ళూ తను చెప్పింది ఏమిటి? పక్క గదిలో పప్పు మాడుతున్న వాసన వచ్చింది. తెర మీద ఆమెకు పప్పు మాడదు. గొంతు బొంగురుపోదు. పాఠం మధ్యలో పాలవాడు గేటు కొట్టడు. పదిసార్లు అడిగినా పదిసార్లూ అదే నవ్వుతో చెబుతుంది. తను రెండోసారికే విసుక్కుంటుంది. ఆ ఆడమనిషి పేరేమిటో కూడా తెలియదు. కానీ ఆమె మీద వందనకు పుట్టిన కోపం, పక్కింటి మనిషి మీద పుట్టే కోపంలాగే ఉంది.

సాయంత్రం సబీహా వచ్చి, “వృత్తం పాఠం చూశారా టీచర్? ఆ రొట్టె భలే ఉంది గదా,” అంది ఆశగా.

“నాకేం పని లేదనుకున్నావా?” అంది వందన.

మిరప కోతల కాలం వచ్చింది. వందన తమ్ముడి పొలం స్ప్రేయర్ ఒకటి సుభానీ షాపులో బాగుచేయించడానికి ఇచ్చి ఉంటే, దాన్ని తీసుకురావడానికి ఆమె వెళ్ళింది. సుభానీ పీట మీద కూర్చుని, నూనె చేతులతో మోటారు విప్పుతున్నాడు. ఆమెను చూసి లేచి, గుడ్డతో స్టూలు తుడిచి వేశాడు.

“కూర్చో టీచరమ్మా. మా పిల్ల ఎట్టా చదువుతంది?”

చాలా ఏళ్ళుగా అతను అడిగే ప్రశ్నే. ఎప్పుడూ ఆమె చెప్పే జవాబు కూడా ఒకటే - “దాని గురించి నీకెందుకన్నా దిగులు, బంగారం”. ఆ రోజు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

“చదువుతంది. ఆ ట్యాబ్ వచ్చిన కాడి నుంచే కొంచెం...”

“కొంచెం ఏంది?”

“ఏం లేదులే అన్నా.”

“చెప్పమ్మా. నాకు తెలీదు గదా అవన్నీ.”

వందన షాపు బయటికి చూసింది. ఆ లాక్ సంగతి ఆమెకు బాగా తెలుసు. పాఠాలు తప్ప ఏమీ రావని సబీహా తన ముందే చెప్పింది. ఆ ఆదివారం తను కూడా అటూ ఇటూ నొక్కి చూసింది, ఏమీ తెరుచుకోలేదు. అంతా తెలిసే అంది. “ఎప్పుడు చూసినా దాంట్లోనే ఉంటంది. ఒంటరిగా కూర్చుని ఏం చూస్తందో, ఎవరితో మాట్లాడుతందో మనం చూడం గదా. అసలే ఆడపిల్ల. ఈడు ఎట్టాంటిదో నీకు నేను చెప్పాలా?”

సుభానీ చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది. “నువ్వేమన్నా చూశావా అమ్మా?”

లేదు అని చెప్పడానికి ఒక్క మాట చాలు. వందన, “నా నోటితో నేను చెప్పలేనన్నా. ఓ కన్నేసి ఉంచు,” అని లేచింది. స్ప్రేయర్ మోసుకుంటూ ఇంటికి వెళుతుంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి.

మర్నాడు సబీహా ట్యాబ్ లేకుండా వచ్చింది. వందన అడగలేదు. ఆ పిల్లా చెప్పలేదు. లెక్క వేస్తే తల వంచుకుని చేసింది. “ఇంకో రకంగా చెయ్యొచ్చు” అనలేదు. మేడం పేరెత్తలేదు. ఆ వారమంతా వందనకు వరండా మళ్ళీ తనదైనట్టుంది. ఉత్సాహంగా పాఠం చెప్పింది. సబీహాకు తల దువ్వబోతే పిల్ల మెల్లగా పక్కకు జరిగింది. చదువు ఒత్తిడేమో అనుకుంది.

సంగతి సాయి ప్రియ చెప్పింది. సబీహా రాని ఒక సాయంత్రం, పిల్లలు వెళ్ళిపోతుంటే వెనక్కి వచ్చి, “టీచర్, సబీహాని వాళ్ళ నాన్న కొట్టాడంట తెలుసా?” అంది.

వందన తుడుస్తున్న గుడ్డ వదిలేసింది. “ఎందుకు?”

“ఎవరితో మాట్లాడుతున్నావో చెప్పమని. ఎవరూ లేరంటే నమ్మలేదంట. ట్యాబ్ షాపులో బీరువాలో పెట్టి తాళమేశాడు. వాళ్ళమ్మ ఫోన్ కూడా ముట్టనీడు. బడికి తనే బండి మీద దింపి, తనే తీసుకొస్తన్నాడు. వాళ్ళ బళ్ళో అందరూ ఎత్తిపోతల జలపాతం చూడ్డానికి వెళ్తన్నారు, దాన్ని పంపనన్నాడు.” సాయి ప్రియ గొంతు తగ్గించింది. “బండి మీద రోజూ వస్తంటే బళ్ళో ఆడపిల్లలు కూడా ఏదేదో అనుకుంటన్నారు టీచర్. దానికేదో ఉందని.”

సుభానీ ఎవరి మీదా చెయ్యెత్తే మనిషి కాదు. వీధిలో కుక్కపిల్లకు కాలు విరిగితే కట్టు కట్టినవాడు. వందన ఆ రోజు అన్నం తినలేకపోయింది.

మరో రెండు రోజులకు కరీమున్నీసా వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, మెట్టు మీదే నిలబడింది.

“పిల్లని ఇంక ట్యూషన్‌కి పంపం టీచరమ్మా. ఏమనుకోమాక.”

“ఎందుకు వదినా?”

“ఆయన వద్దంటన్నాడు. దారిలో ఎవరన్నా ఉన్నారేమో అని అనుమానం. నేను చెప్పా, అది అట్టాంటి పిల్ల కాదయ్యా అని. వింటే గదా. ‘టీచరమ్మ ఊరికే అనదు, ఆమె పిల్లని సొంత బిడ్డలాగా చూసుద్ది, ఏదో కళ్ళారా చూసే చెప్పింది’ అంటన్నాడు.” కరీమున్నీసా కళ్ళొత్తుకుంది. “నువ్వేం చూశావో నాకన్నా చెప్పమ్మా. నేను తల్లిని. తట్టుకుంటాలే.”

వందన తల అడ్డంగా ఊపింది. “నేనేం చూడలేదు వదినా,” అంది. కరీమున్నీసా ఆమె ముఖంలోకి చూసి, టీచరమ్మ తనను నొప్పించలేక దాస్తోందనుకుని, ఇంకా కుంగిపోయి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున జీవన్ లారీ లోడు దింపి వచ్చాడు. ఇడ్లీ తింటుంటే వందన అంతా చెప్పింది. ఎరుపు గీత కొట్టిన లెక్క దగ్గర్నుంచీ షాపులో వదిలేసిన మాటదాకా ఏదీ దాచలేదు.

జీవన్ ముందు పెద్దగా నవ్వాడు. “ట్యాబ్‌ని చూసి కుళ్ళుకున్నావా? ఆమెవరో బొమ్మలో ఉంటది గదే, మన ఊరికొచ్చి నీ వరండాలో కూచుందా ఏంది?” తర్వాత వందన ముఖం చూసి నవ్వు ఆపేశాడు. చెయ్యి కడుక్కొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఆ పిల్ల వీపు మీద దెబ్బలు సుభానీవి కావు,” అన్నాడు చివరికి. “నేను రమ్మంటే వస్తా. కానీ చెప్పాల్సింది నువ్వే.”

“నేనే పోతా.”

షాపులో నలుగురు రైతులున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామని వందన పక్క కొట్టు నీడలో నిలబడింది. ఒకరు వెళితే ఇద్దరు వచ్చారు. కోతకూ కోతకూ మధ్య మిరప చేలకు మందు కొట్టే రోజులు, షాపు ఖాళీ కావడం జరగదని అర్థమైంది. ఇంకాసేపు ఆగితే తను ఇంటికి వెళ్ళిపోతుందని కూడా అర్థమైంది. లోపలికి నడిచింది.

“సుభానీ అన్నా, నేను ఆ రోజు చెప్పింది అబద్ధం.”

సుభానీ తలెత్తాడు. రైతులు కూడా చూశారు.

“ఏంది టీచరమ్మా?”

“సబీహా గురించి. ఆ ట్యాబ్‌లో పాఠాలు తప్ప ఏం రావు. నాకు ముందే తెలుసు. పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. నేనేం చూడలేదు, నాకెవరూ ఏం చెప్పలేదు.”

“మరెందుకు చెప్పావమ్మా?”

వందన దారిలో ఎన్నో మాటలు పేర్చుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. “ఓర్వలేక,” అంది. “అది నాకంటే ఆ ట్యాబ్‌లో ఆమె బాగా చెబుద్దని అంటంటే ఓర్వలేక చెప్పా.”

ఒక ముసలి రైతు గొంతు సవరించుకుని బయటికి నడిచాడు. మిగతావాళ్ళూ అతని వెంటే వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డారు. సుభానీ అరుస్తాడనుకుంది వందన. అతను అరవలేదు. పీట మీద అలాగే కూర్చుని, నూనె అంటిన తన కుడి అరచెయ్యి చూసుకున్నాడు.

“నా పిల్ల ఒట్టేసి చెప్పింది,” అన్నాడు. “ఏడ్చుకుంటా చెప్పింది, ఎవరూ లేరు నాన్నా అని. నేను నమ్మలా. పిల్ల మాట కంటే నీ మాటే ఎక్కువైంది నాకు. చేత్తో కొట్టింది పోద్ది. నోటితో ఒక మాట అన్నానమ్మా దాన్ని. ఆ మాట ఎట్టా వెనక్కి తీసుకునేది?”



సుభానీ లేచి బీరువా తాళం తీశాడు. ట్యాబ్ అదే చున్నీ చుట్టి ఉంది. చేతులు కిరోసిన్‌తో కడిగి, సబ్బుతో కడిగి, తుడుచుకుని మరీ దాన్ని తీశాడు. “పా. ఇద్దరం పోదాం. ఇప్పుడు చెప్పిందే దానికీ చెప్పు. నేను చెబితే నమ్మదు.”

ఇంట్లో సబీహా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తండ్రిని, టీచర్ని కలిపి చూసి భయపడి, తడి బట్ట చేతిలో పట్టుకునే నిలబడిపోయింది. మళ్ళీ ఏదో నింద వచ్చిందనుకున్నట్టుంది. కరీమున్నీసా పరుగున వచ్చి కూతురి పక్కన నిలబడింది.

వందన షాపులో చెప్పిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ సబీహా ఆమె కళ్ళలోకే చూసింది. శేషం లెక్క అర్థం కానప్పుడు కూడా ఆ పిల్ల ఇలాగే చూసేది.

“నేనేం చేశానని చెప్పారు టీచర్?”

“ఏం చెప్పలేదమ్మా. చెప్పకుండా వదిలేశా. మీ నాన్న అనుకున్నాడు.”

“అది లాక్ అని మీకు తెలుసు. నేనే చెప్పా గదా మీకు.”

“తెలుసు.”

“మీకు తెలుసు,” అని మళ్ళీ అంది సబీహా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. తర్వాత ట్యాబ్ ఇవ్వబోతున్న తండ్రి చేతికేసి చూడకుండా, తడిబట్ట తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. సుభానీ ట్యాబ్ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. “సబీ,” అని పిలిచాడు. కరీమున్నీసా వందనతో, “ఇంక నువ్వు పోమ్మా,” అంది. కోపంగా అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

సుభానీ పిల్లను ఎత్తిపోతలకు పంపాడు. బడి దగ్గర బస్సు కదిలేదాకా నిలబడి, బస్సులోని ఆడపిల్లలందరికీ వినబడేట్టు, “నా కూతురు జాగర్త తల్లీ,” అని బడి టీచరుకు చెప్పాడట. బండి మీద దింపడం మానేశాడు. తండ్రితో సబీహా మామూలుగా మాట్లాడటానికి చాలా రోజులు పట్టిందని, ఒక పూట భోజనం దగ్గర తనే కూర అడిగిందని, సుభానీ అన్నం ముందునుంచి లేచి వెళ్ళి ముఖం కడుక్కొచ్చాడని తర్వాత కరీమున్నీసా ఎవరితోనో చెబితే వందనకు తెలిసింది.

ట్యూషన్‌కు మాత్రం సబీహా రాలేదు. ఇంటిదగ్గరే ట్యాబ్ పెట్టుకుని చదివింది. షాపులో జరిగింది ఊళ్ళో పాకి, ఇద్దరు ముగ్గురు తల్లులు తమ పిల్లలను మాన్పించారు. మిగిలిన పిల్లలకు వృత్తం పాఠం వచ్చినప్పుడు వందన ఇంట్లోంచి జొన్నరొట్టె తెచ్చి, కత్తితో ముక్కలు కోసి నాపరాయి మీద పేర్చింది. రొట్టె తెర మీద కుదిరినంత చక్కగా కుదరలేదు, అంచులు విరిగాయి. అయినా పిల్లలకు అర్థమైంది. 

“ఇది మీకెవరు చెప్పారు టీచర్?” అని అడిగింది సాయి ప్రియ.

“ట్యాబ్‌లో మేడం,” అంది వందన. అంటుంటే ఆ పాత కుళ్ళు మళ్ళీ కదిలింది. చెప్పేస్తే పోతుందనుకుంది కానీ పోలేదు. సబీహా ఇంటి ముందునుంచి వెళ్ళేటప్పుడు లోపలినుంచి ఆ “హాయ్ పిల్లలూ” వినబడితే ఇప్పటికీ ఆమె నడక వేగం పెంచుతుంది.

పరీక్షలైపోయాక రంజాన్ వచ్చింది. పండగ రోజు మధ్యాహ్నం గేటు చప్పుడైతే వందన బయటికి వచ్చింది. కొత్త బట్టల్లో సబీహా నిలబడి ఉంది. చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నె.

“అమ్మ సేమ్యా ఖుర్మా పంపింది టీచర్.”

“లోపలికి రామ్మా.”

“లేదు. ఇంకా చానా ఇళ్ళకివ్వాలి.”

వందన గిన్నె అందుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. పిల్ల కొంచెం పొడవైంది. “పరీక్షలు బాగా రాశావంటగా,” అంది.

“రాశా.” సబీహా గేటు ఊచలు పట్టుకుని ఒక్క నిమిషం ఆగింది. “టీచర్, తొమ్మిదో తరగతి లెక్కలు మీకన్నీ వచ్చా?”

ఒకప్పుడైతే వందన, “రాకుండా ట్యూషన్ ఎట్టా చెబుతన్నా?” అని గద్దించేది. ఇప్పుడు ఆలోచించింది. “అన్నీ రావు. కొన్ని ఫార్ములా తెలుసు గానీ ఎందుకో తెలీదు. నేర్చుకోవాలి.”

సబీహా తలూపింది. “నాకు కొన్ని మేడం చెప్పినా అర్థం కావట్లా. అడుగుదామంటే ఆమెకి వినపడదు గదా.”

వందన లోపల సంతోషం ఒక్కసారిగా ఉప్పొంగింది. అది ఎలాంటి సంతోషమో ఆమెకు వెంటనే తెలిసింది. తెలిసి సిగ్గుపడింది. “ఆమె చెప్పింది ముందు నాకు చూపించు,” అంది. “ఇద్దరం చూద్దాం.”

“చూస్తా,” అంది సబీహా. వస్తానని అనలేదు. గేటు దగ్గరికి వేసి, పక్కింటి జానకిరామయ్య గారి తలుపు కొట్టడానికి వెళ్ళింది.